1972 ఎంజీబీనా, 2007 ఎంఎక్స్-5నా? ఎనిమిది వేల పౌండ్ల లోపు, గ్యారేజీ లేదు

రెండోగేరు:
అందరికీ నమస్కారం. ఉండేది లెస్టర్ దగ్గర. ఎనిమిది వేల పౌండ్ల లోపు టాప్ తీసి తిరిగే రెండు సీట్ల కారు కొనాలి. ప్రకటనలు వడపోస్తే రెండు మిగిలాయి.

ఒకటి 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, ఎంజీ కంపెనీ పాత బ్రిటిష్ బండి. క్రోమ్ బంపర్లు, ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజిన్ ఆర్‌పీఎం తగ్గించే అదనపు గేరు), వైర్ వీల్స్. 7,400 అడుగుతున్నాడు. "2011లో సిల్స్ మార్చాం" అని రాశాడు, ఫొటోలు లేవు. ఎంఓటీ (బండి రోడ్డుకు పనికొస్తుందా అని బ్రిటన్‌లో ఏటా చేసే పరీక్ష) మినహాయింపు ఉన్న బండి, 2019 తరవాత పరీక్షకే వెళ్ళలేదు.

రెండోది 2007 మాజ్డా ఎంఎక్స్-5, ఎన్‌సీ అనే మూడో తరం. 2.0 స్పోర్ట్, ఆరు గేర్లు, గుడ్డ టాప్, 78,000 మైళ్ళు. 4,100 అంటున్నాడు. సర్వీసు పుస్తకంలో ముద్రలు 2018 దాకానే ఉన్నాయి.

ఆఫీసుకు వేరే కారుంది. ఇది వారాంతాలకే, ఏడాదికి మహా అయితే మూడు వేల మైళ్ళు. రాత్రిళ్ళు ఇంటి ముందు ఆరుబయటే ఉంటుంది. ఇంట్లో ఇద్దరమూ నడుపుతాం. స్పానర్ పట్టడం వచ్చు, వెల్డింగ్ రాదు. ఏది తీసుకోమంటారు?

పాతఇనుము:
ఈ రెండింటి మధ్య 35 ఏళ్ళ తేడా ఉంది గానీ చావు మాత్రం ఒకచోటే: తుప్పు. ఇంజిన్లు రెండూ మొండివి. హార్స్‌పవర్ల లెక్క తరవాత. కొనేది బాడీని.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్‌లో తయారైన ప్రతి బండీ మోనోకాకే. పైకప్పు లేదు కాబట్టి నడుము బలమంతా తలుపుల కింద పోయే సిల్స్‌దే. సిల్ అంటే బయటికి కనిపించే రేకు ఒక్కటే అనుకోకండి. బయటి రేకు, లోపల నిలువుగా నిలబడే మధ్య రేకు, అడుగున కాజిల్ రైలు. మూడూ గట్టిగా ఉంటేనే అది పెట్టె. బయటి రేకు కొత్తది అతికించి, లోపల కుళ్ళినదాన్ని అలాగే వదిలేసి రంగు కొట్టిన బళ్ళు కోకొల్లలు. కాబట్టి "2011లో మార్చాం" అన్న మాటకు ఫొటోలు, బిల్లు లేకపోతే విలువ సున్నా.

అసలు పని ఎలా జరిగిందో ఒక్క ప్రశ్నతో తేలుతుంది. "సిల్స్ మార్చినప్పుడు ముందు రెక్కలు (చక్రాల మీది బాడీ రేకులు) విప్పారా?" అని అడగండి. సిల్ ముందు రెక్క కిందికీ వెనక రెక్క కిందికీ దూరి ఉంటుంది. ముందు రెక్కలు బోల్టులతో ఉంటాయి, విప్పాలి. వెనక రెక్క అడుగు భాగం కోయాలి. ఈ రెండూ చెయ్యకుండా పూర్తి సిల్ మార్చడం కుదరదు. పైగా కోసే ముందు తలుపు గుమ్మానికి అడ్డంగా కడ్డీ వెల్డ్ చేసి బాడీని నిలబెట్టాలి. లేకపోతే వంగిన బండికి కొత్త సిల్స్ అతికి, ఆ వంకర శాశ్వతమైపోతుంది.

ఇంజిన్ సంగతికొస్తే 1798 సీసీ బీ-సిరీస్, ఐదు మెయిన్ బేరింగులది. వేడెక్కాక ఐడిల్‌లో నూనె ఒత్తిడి చదరపు అంగుళానికి 10 నుంచి 25 పౌండ్లు, రోడ్డు మీద 50 నుంచి 80 చూపిస్తే నిశ్చింత. అడుగున నాణెమంత నూనె మరక ఉంటే కంగారు పడక్కర్లేదు. మరకే లేకపోతే ముందు డిప్‌స్టిక్ చూడండి!

నల్లరేగడి:
అన్నా, గ్యారేజ్ లేదంటున్నవ్ గదా, సగం సంగతి అక్కడ్నే తేలిపోయింది. ఎంజీబీ టాప్‌ల నుంచి వాన నీళ్ళు రావుడు రోగం కాదు, అది దాని స్వభావం. నీళ్ళొచ్చి కార్పెట్ల కింద నిలుస్తయ్, ఫ్లోర్ కుళ్ళుతది. ఎండకాలం వారం పది రోజులంటే కవర్ కప్పొచ్చు. ఇంగ్లండ్ చలికాలం మొత్తం బయటనే అంటే కష్టం. తడి బండి మీద గాలాడని కవర్ కప్పితే ఇంకా తొందరగ తుప్పు పడ్తది.

అట్లని ఎన్‌సీ తుప్పు పట్టదా అంటే పడ్తది. కాకపోతే కనిపియ్యదు, అదే దాని మోసం. చూడాల్సినయి చెప్తా.

మొదటిది నీళ్ళు దిగే గొట్టాలు. టాప్ మడిచే జాగల, సీట్ల ఎనక, రెండు దిక్కుల ఉంటయ్. ఆకులు, మట్టి పడి మూసుకపోతే నీళ్ళు లోపటికి పోయి సీటెనక కార్పెట్ తడుస్తది, సిల్‌లకు దిగుతది. బాటిల్‌తోని మెల్లగ నీళ్ళు పొయ్యి. ఎనక చక్రాలకు ముంగట, కిందికెళ్ళి ధార రావాలె. రాకపోతే మూసుకపోయినట్టే. కొన్నంక శుభ్రం చేసేటప్పుడు గాలి కొట్టకు, లోపట గొట్టం ఊడిపోతది. గడ్డి కోసే మిషన్ల వాడే నైలాన్ తీగ మెత్తగ దోస్తే చాలు.

రెండోది ఎనక చక్రాల మీది అంచులు. లోపలి వైపు వేళ్ళు పెట్టి తడుము. రంగు ఉబ్బిందా, గరుకుగ తాకుతుందా. అక్కడ్నించి కిందికి, సిల్ ఎనక కొస దాక పో.

మూడోది ఎవ్వరూ చూడరు: సస్పెన్షన్ బోల్టులు. నాలుగు చక్రాల అలైన్‌మెంటు సరిచేసే బోల్టులు సస్పెన్షన్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌ల లోపలి ఇనుప గొట్టంల తుప్పుతోని అతుక్కపోతయ్. అట్లయితే అలైన్‌మెంటు చెయ్యరాదు, రంపంతోని కోసి తియ్యాలె. బోల్టు, బుష్, కొన్నిసార్లు ఆర్మ్ మొత్తం కొత్తది. టైర్లు ఒక పక్కనే అరిగినయా చూడు, దాన్ని బట్టే చాలా తెలుస్తది. ఈ మధ్య అలైన్‌మెంటు చేసిన కాగితం ఉంటే అది సర్వీసు ముద్రల కంటే నయం.

ఇంజిన్‌ది టైమింగ్ చైను, బెల్టు మార్చే ఖర్చు లేదు. కాని నూనె చూస్కుంట ఉండాలె. సుమారు 4.3 లీటర్లు పడ్తది. నూనె తగ్గినా పట్టించుకోక తిప్పితే బేరింగులు పోతయ్, ఈ ఇంజిన్లు అట్లనే చస్తయ్. అమ్మేటాయన ఇంటికి పోంగనే బోనెట్ ఎత్తి డిప్‌స్టిక్ తియ్యి. కింది గీత కాడ ఉందంటే, ఆయన దాన్ని ఎట్ల సాకిండో నీకు అర్థమైపోతది. కూలెంటు ప్లాస్టిక్ డబ్బా కూడ చూడు, ముసలిదై పగుళ్ళిస్తది. డబ్బా చవక, కాని నడుమ తొవ్వల పగిలితే ఇంజిన్ వేడెక్కి సిలిండర్ హెడ్ మీదికి వస్తది.

తడిబ్రేకు:
ఎనిమిది వేలుంటే ఈ రెండూ ఎందుకు, పోర్షె బాక్స్‌టర్ 986 వస్తుంది కదా. మధ్యలో ఇంజిన్, రెండు డిక్కీలు. ఎవరూ అడగకపోయినా చెబుతున్నా.

పాతఇనుము:
> బాక్స్‌టర్ 986 వస్తుంది కదా

వస్తుంది, ఐఎంఎస్ బేరింగు (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ది, అది పోతే ఇంజినే పోతుంది) బెంగతో సహా వస్తుంది. అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, కాబట్టి క్లచ్చు మార్చేటప్పుడు కలిపి చేయించుకోవాలి. ఆ బిల్లు ఉన్న బండైతే ఆలోచించవచ్చు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, అందులో తిట్టుకుందాం.

రెండోగేరు:
చాలా ఉపయోగంగా ఉంది. మరో రెండు సందేహాలు. ఒకటి, మోటార్‌వే మీద గంటకు 70 మైళ్ళకు ఎంజీబీ సుఖంగా వెళ్తుందా? రెండు, మా ఆవిడకు పవర్ స్టీరింగ్ లేని బండి అలవాటు లేదు. అది పెద్ద ఇబ్బందా?

పాతఇనుము:
ఓవర్‌డ్రైవ్ లేకపోతే నాలుగో గేరులో 70 దగ్గర 3,900 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఉంటే 3,200కు దిగుతుంది. చెవులకు ఆ 700 చాలా తేడా. కాబట్టి ఓవర్‌డ్రైవ్ ఉండటం కాదు, పని చేస్తోందా అన్నది చూడాలి. ఈ బండికి మూడు, నాలుగు గేర్లలో పడాలి. మీట వేసిన క్షణంలోనే ఆర్‌పీఎం దిగిపోవాలి. ఆలస్యంగా పడినా, వేడెక్కాక వదిలేసినా మొదట అనుమానించాల్సింది కరెంటునే: గేర్‌బాక్స్ మీది ఇన్హిబిటర్ స్విచ్ (కింది గేర్లలో ఓవర్‌డ్రైవ్ పడకుండా ఆపేది), సోలినాయిడ్ వైరు, తుప్పు పట్టిన బుల్లెట్ కనెక్టర్లు. తరవాత గేర్‌బాక్స్ నూనె మట్టం, ఫిల్టరు. గేర్‌బాక్స్‌కూ ఓవర్‌డ్రైవ్‌కూ నూనె ఒకటే, అదీ ఇంజిన్‌లో పోసే 20డబ్ల్యూ-50 రకమే. మామూలు గేర్ నూనె పోసి పెట్టిన మేధావులున్నారు, అడిగి తెలుసుకోండి.

స్టీరింగు కదులుతున్నప్పుడు తేలికే, పార్కింగులోనే చేతులకు పని. మరీ బరువుగా ఉంటే కింగ్‌పిన్లు (స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరిగే నిలువు ఇరుసులు) ఎండిపోయినట్టు. ముందు చక్రాల దగ్గర ఒక్కో పక్క మూడేసి గ్రీజు నిపుల్స్ ఉంటాయి. 3,000 మైళ్ళకోసారి, అంటే మీ వాడకానికి ఏడాదికోసారి గ్రీజు గన్ పట్టాలి. చక్రం నేల మీద ఉండగా కొడితే బరువు మోసే వైపుకు గ్రీజు చేరదు. బండి ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, వెనకాలే కొత్త రంగు కనిపించేదాకా. ఇదంతా విసుగనిపిస్తే ఎంజీబీ మీకొద్దు, నిజంగా చెబుతున్నా.

బ్రేకులు ముందు డిస్కు, వెనక డ్రమ్ము. 1972 బళ్ళన్నింటికీ సర్వో (బ్రేకు తొక్కుడుకు బలమిచ్చేది) ఉండదు. లేకపోతే పెడల్ గట్టిగా తొక్కాలి. ఇద్దరూ నడిపి చూడండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు లేవన్న సంగతీ ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

చిల్లరలెక్క:
ఖర్చు సంగతి నేను చూస్తాను. కొనే ధర పక్కన పెడితే ఏటా ఏమవుతుందన్నదే అసలు లెక్క.

ఎంజీబీ: 40 ఏళ్ళు దాటింది కాబట్టి హిస్టారిక్ వర్గంలో రోడ్డు పన్ను సున్నా. కానీ ఏటా ఆ సున్నాకే దరఖాస్తు పెట్టాలి. లండన్ యూలెజ్‌లో (పొగ ఎక్కువ వదిలే బళ్ళకు రుసుము వేసే ప్రాంతం) రోజుకు 12.50 పౌండ్లు కట్టక్కర్లేదు, ఆ వర్గంలో నమోదై ఉంటేనే. క్లాసిక్ బీమా చవకే గానీ షరతులు చదవండి. మైళ్ళ పరిమితి, ఇంట్లో ఇంకో రోజువారీ కారు, రాత్రి గ్యారేజీ. ఈ మూడోది కొన్ని సంస్థలు గట్టిగా అడుగుతాయి. ఆరుబయట పెడతామని దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ రోజున పేచీ వస్తుంది. "అంగీకరించిన విలువ" మీద పాలసీ రాయించుకోండి. మార్కెట్ విలువ మీద వద్దు.

ఎంఓటీ మినహాయింపు వరం అనుకోకండి. మినహాయింపు పరీక్షకే, బాధ్యతకు కాదు. ప్రమాదకర స్థితిలో ఉన్న బండి నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, 3 పాయింట్లు. కొనే ముందు అమ్మేవాడినే స్వచ్ఛందంగా ఎంఓటీకి తీసుకెళ్ళమనండి. కారుకు గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు, అది మీరే ఇస్తానని చెప్పండి. 7,400 అడిగేవాడు 55 పౌండ్ల పరీక్షకు వెనకాడితే జవాబు దొరికినట్టే.

ఎన్‌సీ: పన్ను వి5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రంలోని కార్బన్ అంకెను బట్టి. మామూలు బీమా. పెట్రోలు బంకులో ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు) కొట్టించవచ్చో లేదో ప్రభుత్వ సైటులో బండి వివరాలిచ్చి చూసుకోండి. ఎంజీబీకి మాత్రం 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 అయిపోయింది కాబట్టి సూపర్ అన్‌లెడెడ్, అంటే ఈ5 పోయించాలి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడి చీలతాయి. కార్బ్యురేటర్ల దగ్గరా ట్యాంకు దగ్గరా ఇథనాల్‌ను తట్టుకునే, ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టాలు వేయించాలి. ఇంజిన్ వేడి మీద పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

శాన్‌హోసే_సైకిలు:
అమెరికాలో ఈ చర్చ చదివేవారి కోసం ఒక ముక్క. ఇక్కడ ఎంజీబీ అంటే మోడల్ సంవత్సరమే ముఖ్యం. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకు స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు. 1976 నుంచి రెండేళ్ళకోసారి ఉంటుంది, ఆ కాలపు ఉద్గార సామగ్రి అంతా బండి మీద ఉండాలి. 1975 నుంచి ఇక్కడికొచ్చిన బళ్ళకు రెండు ఎస్‌యు కార్బ్యురేటర్ల బదులు ఒకే జెనిత్-స్ట్రోంబర్గ్, రబ్బరు బంపర్లు, పెంచిన ఎత్తు. బలం బాగా తగ్గింది. ఎవరో ముందే ఎస్‌యులు బిగించిన 1978 బండి కాలిఫోర్నియాలో కొంటే స్మాగ్‌లో ఇరుక్కుంటారు.

మీకు పనికొచ్చే సంగతి ఇంకోటి. ఇక్కడి ఎండు రాష్ట్రాల నుంచి ఎంజీబీలు చాలా బ్రిటన్‌కు తిరిగెళ్ళి, స్టీరింగు కుడివైపుకు మార్పించుకున్నాయి. అలాంటిదైతే బాడీ గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. అది ఎక్కడ పుట్టింది, ఎప్పుడు తిరిగొచ్చింది అని పత్రాల్లో చూడండి.

వెల్డింగుమాస్టారు:
రెండోగేరు గారూ, లిఫ్టు లేకుండా ఎంజీబీ సిల్స్ చూసే పద్ధతి చెబుతాను. కావలసినవి మంచి టార్చి, చిన్న అయస్కాంతం, పల్చటి గుడ్డ, మోకాళ్ళ కింద వేసుకోవడానికో గోనె.

ముందు బండిని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి తలుపుల సందులు చూడండి. వెనక అంచు దగ్గర పైనుంచి కిందికి ఒకే వెడల్పు ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పయితే నడుం కుంగినట్టు. తరవాత తలుపు తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తండి. కదిలితే కీలు అరిగిందా, కీలు బిగించిన స్తంభమే కదులుతోందా అని చూడండి. కీలైతే చిన్న పని.

ఇప్పుడు అయస్కాంతం గుడ్డలో చుట్టి సిల్ పొడవునా, వెనక చక్రం ముందుండే డాగ్‌లెగ్ దగ్గరా, ముందు రెక్క అడుగునా పోనివ్వండి. పట్టు ఎక్కడ వదిలితే అక్కడ రేకు బదులు ఫిల్లర్ (పుట్టీ). ఎంతమేర అన్నది ముఖ్యం. వేలెడు ఉంటే సరే, జానెడు ఉంటే బేరం వేరు.

ఇక పడుకుని కిందికి చూడండి. సిల్ అడుగున కాజిల్ రైలు మెట్లు మెట్లుగా కనిపించాలి. అక్కడ నున్నగా మందపాటి నల్లటి అండర్‌సీల్ (తుప్పు పట్టకుండా అడుగున పూసే పూత) పూసి ఉంటే టార్చి అడ్డంగా వేసి చూడండి, అతుకుల గడ్డలు నీడతో బయటపడతాయి. కొత్తగా పూసిన అండర్‌సీల్ వాసన వస్తోందంటే అమ్మకానికే పూశారని అర్థం.

అమ్మేవాడి అనుమతితో జాకీ పరీక్ష చేయండి. ముందు క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే దూలం) కింద ట్రాలీ జాకీ పెట్టి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు చక్రాలు నేల వదిలేదాకా లేపండి. కింద ఎవరూ దూరకూడదు. తలుపు తెరిచి మూయండి. గట్టి బాడీలో తలుపు ముందులాగే పడుతుంది. గొళ్ళెం దగ్గర తగిలినా, పైసందు కళ్ళముందే మారినా సిల్ పని చెయ్యట్లేదు. సిల్ జాకీ పాయింట్ల దగ్గర లేపనివ్వనని అతను అంటే అది కూడా సమాధానమే.

సీట్ల వెనక కార్పెట్ ఎత్తి మూత తీయండి. 1972 బండికి 6 వోల్టుల బ్యాటరీలు రెండు, అటొకటి ఇటొకటి పెట్టెల్లో ఉంటాయి. చాలామంది ఒకే 12 వోల్టులది పెట్టేస్తారు, దాంతో ఇబ్బంది లేదు. రెండో పెట్టె ఖాళీగా ఉంటే దాని అడుగు చూడండి, ఉందో లేదో. ఆసిడ్ తిని, కింద రోడ్డు కనిపించే పెట్టెలు మామూలే. పెట్రోలు ట్యాంకు డిక్కీ నేల కింద వేలాడుతుంది, దాని పైముఖానికీ రేకుకూ మధ్య తేమ నిలిచి పైనుంచి తుప్పు తింటుంది. ట్యాంకు నింపినప్పుడే వాసన వచ్చి, సగమయ్యాక పోతోందంటే అదే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఆ బండి 7,400కు ధర్మమే. సిల్స్ చేయాల్సి ఉంటే ఒక్కో పక్క పనివాడి చేత వెయ్యి పౌండ్లు సులువుగా దాటుతుంది, రంగు వేరే. చెయ్యి తిరిగినవాడు దొరకడమే కష్టం.

నల్లరేగడి:
మాస్టారూ, జబర్దస్త్ చెప్పిన్రు. అదే అయస్కాంతం ఎన్‌సీ ఎనక అంచుల కాడ కూడ పనికొస్తది.

రెండోగేరు:
ప్రభుత్వ సైటులో రెండు బళ్ళ ఎంఓటీ చరిత్ర తీశాను.

ఎన్‌సీ: 2021లో "వెనక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్ బిగించే ఇనుప చట్రం) పైపై తుప్పు" అని సూచన. 2022లో అదే. 2023లో "ఎడమ వెనక బ్రేకు లాగుడు తక్కువ" అని ఫెయిల్, మర్నాడే పాస్. 2024లో సబ్‌ఫ్రేమ్ మాటే లేదు, "కుడి వెనక టైరు లోపలి అంచు అరిగింది" అని ఉంది. మైళ్ళు ఏటా 3,000 చొప్పున సక్రమంగా పెరిగాయి.

ఎంజీబీ: 2019 ఆఖరు పరీక్షలో "ఎడమ కింగ్‌పిన్‌లో స్వల్ప ఆట", "నూనె కారుతోంది", "ఎడమ సిల్ వెనక భాగం తుప్పు". పాస్ అయింది.

నల్లరేగడి:
గా చరిత్రలనే మొత్తం కథ ఉంది అన్నా. ఎడమ ఎనక బ్రేకు అంటే బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ జారే పిన్నులు ఎండి పట్టుకపోయినయి. ఎన్‌సీల ఎనక క్యాలిపర్లకు ఇది మామూలు జబ్బు. మర్నాడే పాసయ్యిందంటే పిన్నులు తీసి గ్రీజ్ పెట్టిండా, క్యాలిపర్ మార్చిండా అడుగు. గ్రీజ్ పెట్టి నడిపిస్తే మళ్ళ వస్తది. ఒక పది మైళ్ళు నడిపినంక రిమ్ముల మీద చెయ్యి పెట్టు, ఒక దిక్కు ఎక్కువ వేడుందంటే ఇంక పట్టుకునే ఉంది.

టైరు లోపలి అంచు అరుగుడు నేను ముందే చెప్పిన బోల్టుల మాటే కావచ్చు. "అలైన్‌మెంటు చేపిద్దాం పా, పైసలు నేనిస్త" అను. షాపోళ్ళు బోల్టులు తిప్పలేకపోతే అక్కడ్నే తేలిపోతది.

2024ల సబ్‌ఫ్రేమ్ మాట ఎందుకు లేదు? రెండే కారణాలు. నిజంగ గీకి రంగేసిండు, లేదంటే పరీక్ష చేసిన మనిషి వేరే. ఎంఓటీల ప్లాస్టిక్ కవర్లు విప్పరు, కనిపించిందే రాస్తరు. నువ్వే కిందికి పోయి చూడు.

పాతఇనుము:
ఎంజీబీ సంగతి నేను చెబుతా. "2011లో మార్చిన" సిల్‌కు 2019లోనే వెనక భాగం తుప్పు. ఎనిమిదేళ్ళలో తుప్పు బయటికొచ్చిందంటే వెనక రెక్క అడుగు కోయకుండా చేసిన పని కావచ్చు, లేదా లోపల మైనం పట్టించలేదు. పెట్టె లోపలికి వ్యాక్స్ కొట్టకపోతే కొత్త రేకూ లోపల్నుంచే తింటుంది. ఆ తరవాత పరీక్షకే వెళ్ళకపోవడం యాదృచ్ఛికం అనుకోను.

పైగా కింగ్‌పిన్ ఆట. ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఆడించండి. తోడు ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కినా ఆట ఉంటే కింగ్‌పిన్, పోతే వీల్ బేరింగు. వైర్ వీల్స్ కూడా ఉన్నాయి కాబట్టి స్ప్లైన్లు (చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచే పళ్ళు) చూడాలి. చక్రం లేపి ఉంచి, బ్రేకు తొక్కించి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి. హబ్బు కదలకుండా చక్రం "టక్" మంటే స్ప్లైన్లు అరిగాయి, అప్పుడు చక్రం ఒక్కటే మార్చి లాభం లేదు, హబ్బు కూడా కొనాలి. వెనక ఇరుసులో ఇంకో టక్కు వస్తే, గేరు వేసి క్లచ్చు వదలగానే, అది డిఫరెన్షియల్ థ్రస్ట్ వాషర్లు. చవకైన రాగి వాషర్లే.

నా మాట: ఈ ఎంజీబీని ఈ ధరకు వదిలెయ్యండి. ఎంజీబీయే కావాలనుకుంటే రబ్బరు బంపర్ల 1977, ఆ తరవాతవి చూడండి. జనం ముక్కు చిట్లిస్తారు కాబట్టి అదే డబ్బుకు మెరుగైన బాడీ వస్తుంది. బ్రిటన్ బళ్ళకు ఓవర్‌డ్రైవ్ మామూలుగానే ఉంటుంది, బ్యాటరీ 12 వోల్టులది ఒకటే, ఫ్యాన్ కరెంటుది, ముందూ వెనకా యాంటీ-రోల్ బార్లు. చూడ్డానికి చిన్నబోయినా వాడకానికి మేలు.

తడిబ్రేకు:
క్రోమ్ బంపర్ లేని ఎంజీబీని మెచ్చుకున్న పాతఇనుము గారిని ఈ చర్చలోనే చూశాం. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

పాతఇనుము:
తీసుకో నాయనా. కింద తుప్పు లేని రబ్బరు బంపర్, పైన మెరిసే తుప్పు కంటే నయం.

చిల్లరలెక్క:
ఆరుబయటే ఉంటుంది కాబట్టి ఇంకో దారి కూడా చూడండి. అదే ఎన్‌సీలో మడిచే గట్టి టాప్ రకం, ఇక్కడ రోడ్‌స్టర్ కూపే అని అమ్మారు, 2006 నుంచి. 12 సెకన్లలో మడుస్తుంది, డిక్కీ జాగా తగ్గదు, బరువు 37 కిలోలే ఎక్కువ. గుడ్డ టాప్‌కు పక్కల ఇనుప చట్రం రాసుకునే చోట చీలికలొస్తాయి, దీనికి ఆ బెంగ లేదు. మోటార్లు, సీళ్ళు మాత్రం పని చేయాలి, నాలుగైదుసార్లు తెరిచి మూయించి చూడండి.

రెండోగేరు:
అర్థమైంది. ఎంజీబీ ఆయనకు స్వచ్ఛంద ఎంఓటీ మాట చెప్పాను. "మినహాయింపు ఉంది కదా, ఎందుకు?" అన్నాడు. సరే, దాన్ని పక్కన పెట్టేశాను. శనివారం ఎన్‌సీ చూడటానికి వెళ్తున్నాం. అక్కడికి వెళ్ళాక ఏ వరసలో చూడాలి? దొరికే సమయం గంట.

నల్లరేగడి:
ముందుగాల ఫోన్ చేసి "మేమొచ్చేదాక ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు" అని చెప్పు. పోంగనే బోనెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగుందంటే అడుగు ఎందుకని.

చల్లగున్నప్పుడే డిప్‌స్టిక్, కూలెంటు డబ్బా చూడు. స్టార్ట్ చేసేటప్పుడు తోడు మనిషి ఎనక నిలబడి పొగ చూడాలె. స్టార్టయినంక చైను గలగల రెండు మూడు సెకన్లకు మించి వస్తే మంచిది కాదు. అది వేడెక్కేలోపు బాడీ చూసుడు: నీళ్ళ గొట్టాలు, ఎనక అంచులు, సిల్ కొసలు, టాప్ చీలికలు, సీటెనక కార్పెట్ తడి.

టైర్లకు పక్కన నాలుగంకెలుంటయ్, 3514 అంటే 2014ల 35వ వారం. అసుంటివి నాలుగు కనిపిస్తే నాలుగు కొత్త టైర్ల పైసలు బేరంల తీసెయ్యి, ట్రెడ్ ఎంతున్నా సరే.

ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌ల దాచిన తప్పుల కోడ్లు చదివేది) ఒకటి తెచ్చుకో, చవకవే దొరుకుతయ్. కోడ్లు లేవని సంబరపడకు, రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయినయా అని చూపేవి) చూడు. అవి పూర్తి కాలేదంటే నిన్ననో మొన్ననో కోడ్లు చెరిపేసిన్రు లేకపోతే బ్యాటరీ ఊడదీసిన్రు. అప్పుడు ఇంకోరోజు వస్తమని చెప్పి ఎల్లిపో.

చివరికి ఇరవై నిమిషాలు నడుపు, మెల్లగ కొంతసేపు, జోరుగ కొంతసేపు. రెండో గేరుకు చల్లగున్నప్పుడు కొంచెం గట్టిగ అనిపిస్తది, వేడయ్యాక పోవాలె. స్పీడ్ బ్రేకర్ల మీద ముంగట "కటకట" అంటే యాంటీ-రోల్ బార్ లింకులు, చవక పని. నడిపొచ్చినంక చక్రాల వేడి చూడు, చెప్పిన గదా.

వెల్డింగుమాస్టారు:
ఇంకొకటి చేర్చండి. గోనె, టార్చి మరిచిపోవద్దు. సబ్‌ఫ్రేమ్ మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, మొనతో పొడవకండి. బండి ఇంకా మీది కాదు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్ళింది దబ్బుమంటుంది. దబ్బుమన్న చోట ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, డబ్బు కట్టేముందు చూద్దాం.